ఆరోగ్య కార్యకర్త చేతిలో యాప్: అడిగినవారే జవాబు చెప్పాలి



గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి తల్లుల, పిల్లల, వృద్ధుల ఆరోగ్యం కనిపెట్టి చూసే అక్కచెల్లెళ్ల చేతిలో ఇప్పుడు రిజిస్టరు, పెన్నుతో పాటు స్మార్ట్‌ఫోను కూడా ఉంది. ఆమె ఆశా కార్యకర్త కావచ్చు, ఏ.ఎన్.ఎం. కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, మావంటి మిషన్ ఆసుపత్రుల తరఫున పనిచేసే గ్రామ ఆరోగ్య కార్యకర్త కావచ్చు. ఆ ఫోనులో ఉండేది ఒక్క యాప్ కాదు. గర్భిణుల పేర్లు ఒకదానిలో, పిల్లల బరువులు ఇంకొకదానిలో, క్షయ రోగుల వివరాలు మరొకదానిలో ఎక్కించాలి.

ఈ మధ్య మా సామాజిక ఆరోగ్య విభాగానికి కూడా కొందరు వచ్చి, మీ కార్యకర్తలకు మేము యాప్ తయారు చేసి ఇస్తామంటున్నారు. వారు చూపించినవి చూడముచ్చటగానే ఉన్నాయి. రంగురంగుల బొమ్మలు, గ్రాఫులు, మ్యాపు మీద ఊరూరికీ ఒక చుక్క. ఇది తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మా ఆఫీసు గదికి సంబంధించినది మాత్రమే అయితే ఇక్కడ రాయనక్కరలేదు. కాని దాని ఫలితం కార్యకర్తల రోజువారీ పని మీద, వారు చూసే తల్లీబిడ్డల మీద పడుతుంది. అందుకే మా అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాము.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోను ద్వారా కార్యకర్తను ఒక ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న అడిగించినవారు ఆమెకు తిరిగి ఒక జవాబు చెప్పాలి. జవాబు చెప్పే ఏర్పాటు లేని ప్రశ్నను యాప్‌లో పెట్టకూడదు.

బటన్ ఫోన్లతో ఒక మిషన్ ఆసుపత్రి

ఆఫ్రికాలోని మలావీ దేశంలో నమితేతే అనే పల్లె ప్రాంతంలో సెయింట్ గాబ్రియేల్స్ అనే కాథలిక్ మిషన్ ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల సుమారు రెండున్నర లక్షల మంది దాని మీద ఆధారపడేవారు. ఊళ్లలోని స్వచ్ఛంద కార్యకర్తలు రోగుల సంగతి చెప్పాలంటే మైళ్ల కొద్దీ నడిచి ఆసుపత్రికి రావలసి వచ్చేది. ఆసుపత్రి సిబ్బంది మోటారు సైకిలు మీద ఊరూరా తిరిగి, ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకోవలసి వచ్చేది.

2008లో అక్కడ 75 మంది కార్యకర్తలకు మామూలు బటన్ ఫోన్లు ఇచ్చారు. ఆసుపత్రిలో ఒక ల్యాప్‌టాప్ పెట్టి, అందులో ఫ్రంట్‌లైన్ ఎస్.ఎం.ఎస్. అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేశారు. ఊరిలోని కార్యకర్త రెండు వాక్యాల మెసేజి పంపుతుంది. ఫలానా రోగి మందులు ఆపేశాడు, ఫలానా ఇంట్లో ఒకరికి దగ్గు తగ్గడం లేదు, ఫలానా ఆమెకు నొప్పి ఎక్కువగా ఉంది అని. ఆసుపత్రిలో ఒకరు దాన్ని చదివి, ఏమి చేయాలో తిరిగి రాస్తారు. అవసరమైతే నర్సును పంపిస్తారు.

ఆరు నెలల్లో మోటారు సైకిలు పెట్రోలు మీదనే సుమారు మూడు వేల డాలర్లు మిగిలాయి. ఆసుపత్రి చూడగలిగే క్షయ రోగుల సంఖ్య 100 నుంచి 200కు పెరిగింది. ఆ పనిలోనుంచి పుట్టిన సంస్థ నేడు మెడిక్ అనే పేరుతో, ఆరోగ్య కార్యకర్తల యాప్‌లకు కావలసిన సాఫ్ట్‌వేరును ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందిస్తోంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ ఫోన్లలో బొమ్మలు లేవు, మ్యాపు లేదు, గ్రాఫు అసలే లేదు. కాని మెసేజి పంపితే ఎవరో ఒకరు చదువుతారన్న నమ్మకం కార్యకర్తకు ఉంది. ఆ నమ్మకం వల్లనే ఆమె మళ్లీ పంపింది.

మన దగ్గర దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 108. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2005 ఆగస్టులో ఆ సేవ మొదలైంది. దాని గురించి ఊళ్లలో ఎవరికీ శిక్షణ ఇవ్వనక్కరలేకపోయింది. మూడు అంకెలు నొక్కితే అవతల మనిషి పలుకుతాడు, ఊరు ఎక్కడ అని అడుగుతాడు, బండి వస్తుంది. ఒకసారి బండి వచ్చిందంటే ఆ మాట పది ఊళ్లకు దానంతటదే పోతుంది.

పైకి వెళ్లే లెక్కలు

మన దేశంలో ఈ యాప్‌లు ఎలా వచ్చాయో ఒకసారి చూద్దాము. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తల వ్యవస్థ మొదలైంది. 2009లో గర్భిణులను, పిల్లలను పేరుపేరునా కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి వచ్చింది. 2016లో ఏ.ఎన్.ఎం.ల కోసం అన్మోల్ అనే ట్యాబ్లెట్ యాప్ వచ్చింది. దాన్ని ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రం ఆంధ్ర ప్రదేశ్. అంగన్‌వాడీలకు 2018 నుంచి ఒక యాప్ ఇచ్చి, దాన్ని ఆపివేసి, 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ తెచ్చారు. 2025 జూలై నుంచి ఇంటికి ఇచ్చే పోషకాహారానికి లబ్ధిదారు ముఖాన్ని ఫోనులో గుర్తించడం తప్పనిసరి చేశారు.

ఇవన్నీ చెడ్డ ఉద్దేశంతో వచ్చినవి కావు. కాగితపు రిజిస్టరుకు ఉన్న ఇబ్బందులు మాకు బాగా తెలుసు. 12వ పేజీలో ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ 47వ పేజీలో ఉంటుంది. నెలాఖరున లెక్కలు తీయడానికి రెండు రోజులు పడుతుంది. వానకు పుస్తకం తడిస్తే సంవత్సరం పని పోతుంది. ఒక బిడ్డ టీకా తప్పిపోతే ఆ సంగతి ఎవరూ గమనించక పోవచ్చు. వీటికి ఫోను మంచి పరిష్కారమే.

బాధ ఎక్కడ వస్తుందంటే, ఫోను వచ్చినా పుస్తకం పోకపోవడంలో. అంగన్‌వాడీలో పదకొండు రిజిస్టర్లు ఉండేవి. 2018 నాటి యాప్ వాటిలో పదింటి స్థానాన్ని తీసుకోవాలన్న ఆలోచనతో తయారైంది. ఆలోచన సరైనదే. కాని తనిఖీకి వచ్చినవారు పుస్తకం చూపించమంటే కార్యకర్త పుస్తకం రాయక తప్పదు. రాత్రి వంట అయ్యాక, పగలు పుస్తకంలో రాసినదాన్ని ఫోనులోకి ఎక్కించవలసి వస్తే, ఆ ఫోను ఆమె పనిని తగ్గించినట్టు కాదు. ఆమె నిద్రలో ఒక గంట తీసుకున్నట్టు.

2021 ఆగస్టులో మహారాష్ట్రలో వేలమంది అంగన్‌వాడీ కార్యకర్తలు తమకు ఇచ్చిన ఫోన్లను తిరిగి ఇచ్చేశారు. ఆ ఫోన్లకు కొత్త యాప్‌ను మోసే శక్తి లేదు, అవి వేడెక్కి ఆగిపోతున్నాయి, పైగా యాప్ ఇంగ్లీషులో ఉంది అన్నది వారి ఫిర్యాదు. ప్రాంతీయ భాషలు తరువాత చేరాయి. ముందే నలుగురు కార్యకర్తలను కూర్చోబెట్టుకుని, వారి చేత యాప్ నడిపించి చూసి ఉంటే ఈ సంగతి మొదటి రోజే తెలిసేది కదా!

పశ్చిమ గోదావరిలో తెలిసినది

యాప్ బాగుండి, శిక్షణ బాగుండి, కార్యకర్త శ్రద్ధగా పనిచేసినంత మాత్రాన రోగికి మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే ఒక జవాబు దొరికింది.

పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ ఒక పెద్ద అధ్యయనం చేసింది. ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి, 40 ఏళ్లు దాటినవారికి రక్తపోటు చూడటం, గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఎంత ఉందో ఆ ట్యాబ్లెట్ ద్వారానే లెక్కకట్టడం నేర్పించారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిని డాక్టరు దగ్గరకు పంపారు. డాక్టరుకు కూడా ఏ మందు ఇవ్వాలో సూచించే యాప్ ఉంది. ఎవరు రాలేదో, ఎవరిని మళ్లీ కలవాలో కార్యకర్తకు చూపించే ఏర్పాటూ ఉంది.

2019లో ఫలితాలు వచ్చాయి. ఆశా కార్యకర్తలు ఈ పని చేయగలరని రుజువైంది. పెద్ద డిగ్రీలు లేని పల్లెటూరి స్త్రీ, గుండెజబ్బు ప్రమాదాన్ని లెక్కకట్టి, మనిషిని గుర్తించి, ఆసుపత్రికి పంపగలదు. ఇది చిన్న సంగతి కాదు. కాని రక్తపోటు 140 లోపుకు తెచ్చుకున్నవారి సంఖ్యలో మాత్రం, ఈ ఏర్పాటు ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అధ్యయనం చేసినవారు ఈ ఫలితాన్ని దాచకుండా ప్రచురించినందుకు వారిని అభినందించాలి. దాన్నుంచి మేము తీసుకునే పాఠం ఇది. బి.పి. ఎక్కువగా ఉందని ఫోను చెప్పగలదు. కాని బి.పి.ని దించేది మాత్ర. ఆ మాత్ర ప్రతి నెలా, తప్పకుండా, ఊరికి దగ్గరలో దొరకాలి. దాన్ని రాసే డాక్టరు ఆ రోజు కేంద్రంలో ఉండాలి. రోగి ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లి ఖాళీ చేతులతో వస్తే, రెండవసారి కార్యకర్త ఎంత బతిమాలినా వెళ్లడు. అప్పుడు పోయేది యాప్ పరువు కాదు, ఊళ్లో కార్యకర్త మాటకున్న విలువ.

అందుకే, బి.పి. ఎంత అని కార్యకర్తను అడిగే ముందు, ఎక్కువ ఉంటే ఏమి చేస్తామో మనం తేల్చుకోవాలి.

మన ఊళ్లు తెలిసిన యాప్

యాప్‌లు తయారుచేసేవారు తెలివైనవారే. కాని వారిలో చాలామంది ఒక గర్భిణి ఇంటి అరుగు మీద కూర్చుని పేరు నమోదు చేసినవారు కారు. మా కార్యకర్తల దగ్గర మేము చూసినవి కొన్ని చెబుతాము.

మొదటిది, తేదీ. కాన్పు ఎప్పుడో లెక్కకట్టాలంటే చివరిసారి నెలసరి వచ్చిన తేదీ కావాలి. "ఏమ్మా, నెల ఎప్పుడు తప్పింది?" అని అడిగితే, "సంక్రాంతి పోయిన వారానికి అయ్యానక్కా, మళ్లీ కాలేదు" అంటుంది. అది మంచి సమాచారమే. సంక్రాంతి ఎప్పుడో అందరికీ తెలుసు. కాని యాప్‌లో రోజు, నెల, సంవత్సరం పెట్టనిదే రెండవ పేజీ తెరుచుకోదు. కార్యకర్త తోచిన తేదీ ఒకటి వేస్తుంది. ఆ తరువాత ఆ తేదీ నిజమైనట్టు కంప్యూటర్ నమ్ముతుంది, నివేదిక నమ్ముతుంది, చివరికి కాన్పు చేసే డాక్టరు కూడా నమ్మే ప్రమాదం ఉంది. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, అమావాస్య అని ఎంచుకునే వీలు, "ఇది అంచనా మాత్రమే" అని గుర్తు పెట్టే వీలు ఉంటే ఎంత మేలు!

రెండవది, పుట్టిల్లు. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఆచారం. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో ఆమె వేరే ఊరికి, ఒక్కొక్కసారి వేరే జిల్లాకు వెళ్తుంది. యాప్‌లో ఆమె అత్తవారి ఊరి పేరు మీద ఉంటుంది. ఇక్కడి కార్యకర్తకు ఆమె "ఇంటి వద్ద లేదు". అక్కడి కార్యకర్త ఫోనులో ఆమె పేరే లేదు. అసలు జాగ్రత్తగా చూడవలసిన ఆ రెండు మూడు నెలలే ఆమె ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది. పాలమూరు వైపు నుంచి పనుల కోసం పిల్లలతో సహా వలస వెళ్లే కుటుంబాలదీ ఇదే పరిస్థితి. మన ప్రాంతానికి యాప్ తయారు చేసేవారు మొట్టమొదట పరిష్కరించవలసిన సమస్య ఇది.

మూడవది, మాట. తెరమీద "ప్రసవపూర్వ ప్రమాద సూచికలు" అని ఉంటే కార్యకర్తకే అర్థం కావడం కష్టం. ఊళ్లో "కాళ్లకు నీరు పట్టింది", "కళ్లు బైర్లు కమ్ముతున్నాయి", "ఉమ్మనీరు పోయింది" అంటారు. కాన్పు సమయంలో వచ్చే ఫిట్స్‌ను పెద్దవాళ్లు "గుర్రపు వాతం" అనేవారు. ఈ మాటలు యాప్‌లో ఉండాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో కోయ, కువి, సవర, గోండి మాట్లాడే తల్లులకు తెలుగు కూడా పరాయిదే. అక్కడ అక్షరాల కన్నా, రికార్డు చేసి వినిపించే మాట ఎక్కువ పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన కిల్కారీ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. గర్భం నాలుగవ నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేవరకు, వారానికి ఒకటి చొప్పున 72 సందేశాలు మామూలు ఫోన్ కాల్‌గా వస్తాయి. దానికి స్మార్ట్‌ఫోను అవసరం లేదు, చదువు కూడా అవసరం లేదు.

నాలుగవది, ఓ.టి.పి. ఇంట్లో ఫోను ఒక్కటే. అది భర్త జేబులో ఉంటుంది. భర్త పొలంలోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఓ.టి.పి. వస్తే గాని పేరు ఎక్కదు, పేరు ఎక్కితే గాని సరుకు అందదు అంటే, ఆకలితో ఉన్నవారికి అడ్డంగా ఒక తాళం వేసినట్టే.

ఐదవది, సిగ్నల్. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన గూడేలు ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా యాప్ పూర్తిగా పనిచేయాలి. పంపవలసినదాన్ని దాచుకుని, సిగ్నల్ దొరికినప్పుడు తానే పంపుకోవాలి. రాసినది ఎప్పటికీ పోకూడదు.

మంచి యాప్ ఎలా జవాబు చెబుతుంది?

ఒక ఉదాహరణ చెబుతాము. ఏడవ నెల గర్భిణికి కార్యకర్త బి.పి. చూసింది. 150/100 ఉంది. ఆ అంకెలు ఎక్కించగానే, "నమోదు అయినది, ధన్యవాదములు" అని చూపించే యాప్ ఒక రకం. ఆ అంకెలు జిల్లా కేంద్రానికి వెళ్తాయి. నెలాఖరున ఒక గ్రాఫులో కలిసిపోతాయి. ఈలోగా ఆ తల్లికి ఫిట్స్ రావచ్చు.

ఇంకొక రకం యాప్ ఉంది. 140/90 దాటగానే తెర ఎర్రబడుతుంది. సిగ్నల్ లేకపోయినా సరే. "తలనొప్పి ఉందా? చూపు మసకబారుతోందా? కడుపు పైభాగాన నొప్పి ఉందా?" అని తెలుగులో అడుగుతుంది. ఒక్కదానికి అవును అన్నా, లేక బి.పి. 160/110 దాటినా, "ఇప్పుడే ఆసుపత్రికి పంపండి" అని చెప్పి, నొక్కడానికి ఒక నంబరు చూపిస్తుంది. అవతల ఒక నర్సు ఎత్తుతుంది. ఆ తల్లి చేరిందా, ఆమెకు ఏమైంది అన్నది రెండు రోజుల్లో తిరిగి కార్యకర్త ఫోనుకు వస్తుంది. ఈ చివరి మెట్టును చాలామంది మరచిపోతారు. తాను పంపిన మనిషి ఏమయిందో తెలియని కార్యకర్త, తరువాతి మనిషిని అంత గట్టిగా పంపలేదు.

బాలింత సంగతీ అంతే. ఆసుపత్రిలో కాన్పు అయిన తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూడాలి. ముగ్గురు నలుగురు బాలింతలు ఒకేసారి ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోవడం కష్టం. ఉదయం ఫోను తెరవగానే "ఈ రోజు ఈ రెండిళ్లు" అని చూపిస్తే, ఆమెకు అది నిజమైన సహాయం. గుజరాత్‌లో సేవా రూరల్ అనే సంస్థ ఆశా కార్యకర్తల కోసం తయారు చేసిన ఇంటెకో యాప్ ఈ దారిలోనే నడిచింది. భరూచ్, నర్మద జిల్లాల గిరిజన ప్రాంతాల్లో చేసిన పరీక్షలో, ఆ యాప్ ఉన్నచోట బాలింతల ఇళ్లకు కార్యకర్తలు వెళ్లడం పెరిగిందని 2019లో ప్రచురితమైంది. ఆ సంస్థ ఎన్నో ఏళ్లుగా అదే పల్లెల్లో ఆసుపత్రి నడుపుతోంది. ఊరి పని తెలిసినవారు యాప్ తయారీలో ఉంటే వచ్చే తేడా అది.

తోడుగా ఉండాలి, కాపలాగా ఉండకూడదు

2021లో హర్యానాలో ఆశా కార్యకర్తలు ఎం.డి.ఎం. 360 షీల్డ్ అనే యాప్‌ను తమ ఫోన్లలో వేసుకోమని చెప్పేశారు. తాము ఎక్కడ తిరుగుతున్నామో అది కనిపెడుతుందని, తమ సొంత విషయాలకు రక్షణ ఉండదని వారి అభ్యంతరం. వారి మాటలో న్యాయం ఉంది. కార్యకర్త ఎక్కడ ఉందో నిమిష నిమిషం చూసే యాప్, ఆమె చూసిన రోగికి మందు అందిందో లేదో చూడకపోతే, ఆ యాప్ ఎవరి కోసం ఉన్నట్టు?

దీనికి రెండవ వైపు కూడా ఉంది. ఊరివారి రహస్యాలు కార్యకర్త కడుపులో దాచుకుంటుంది. ఎవరికి క్షయ, ఎవరికి హెచ్.ఐ.వి., ఎవరు అత్తగారికి తెలియకుండా కుటుంబ నియంత్రణ మాత్రలు వేసుకుంటున్నారు అన్నవి ఆమెకు తెలుసు. ఆ నమ్మకంతోనే తలుపులు తెరుచుకుంటాయి. ఇప్పుడు ఆ రహస్యాలన్నీ ఫోనులోకి వచ్చాయి. సాయంత్రం అదే ఫోనులో ఆమె కొడుకు ఆటలు ఆడుకుంటాడు. యాప్‌కు వేరే తాళం ఉండాలి. రోగి పేరు పక్కన జబ్బు పేరు తెరమీద కనబడకూడదు. అవసరం లేని సమాచారం అసలు తీసుకోనే కూడదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన దేశంలో చట్టం వచ్చింది. చట్టం ఉన్నా లేకపోయినా, రోగి రహస్యాన్ని కాపాడటం ఆసుపత్రులకు పాత ధర్మమే.

కార్యకర్త మీద నమ్మకం

1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు సమగ్ర గ్రామీణ ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. వారిద్దరూ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదువుకున్నవారు. ఊళ్లు ఎంపిక చేసి పంపిన స్త్రీలను, వారిలో చాలామందికి చదువు రాకపోయినా, గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. 1979లో వారికి మెగసెసే అవార్డు వచ్చింది. మన మిషన్ ఆసుపత్రుల గ్రామ సేవకు జామ్‌ఖేడ్ ఎన్నో ఏళ్లుగా ఒక బడి.

అక్కడ ఫోన్లు లేవు. అక్షరాలు రానివారికి బొమ్మలతో, పాటలతో, మాటలతో నేర్పించారు. కార్యకర్తలు తరచుగా కేంద్రానికి వచ్చి కలుసుకుని, తమ ఊళ్లో చూసినది చెప్పుకుని, తెలియనిది అడిగి తెలుసుకుని వెళ్లేవారు. ఆ పద్ధతికి యాప్ తోడు కావచ్చు గాని, దాని స్థానం తీసుకోలేదు. నెలవారీ సమావేశం తీసివేసి, "అంతా ఫోనులో ఉంది కదా" అనేవారిని నమ్మకూడదు. కార్యకర్త మనిషి. ఆమెకు వినే మనిషి కావాలి.

మాకు వచ్చే ప్రశ్న

"లెక్కలు లేకపోతే నిధులు ఎలా వస్తాయి? ఎక్కడ లోపం ఉందో పైవారికి ఎలా తెలుస్తుంది?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఇది న్యాయమైన ప్రశ్నే. లెక్కలు కావాలి. దాతలకు మేము లెక్క చెప్పవలసినవారమే. ఏ ఊళ్లో టీకాలు తగ్గాయో, ఎక్కడ బరువు తక్కువ పిల్లలు ఎక్కువగా పుడుతున్నారో లెక్కల వల్లనే తెలుస్తుంది.

అయితే లెక్క అనేది పని జరిగేటప్పుడు దానంతటదే రావాలి. లెక్క కోసం పని ఆగకూడదు. కార్యకర్త తన పనికి కావలసినవి నమోదు చేసుకుంటే, పైవారికి కావలసిన అంకెలు వాటినుంచే యాప్ తీసుకోవచ్చు. అదనంగా ఇంకా ఇరవై ప్రశ్నలు కావాలనేవారు, ఆ ఇరవై ప్రశ్నలను ప్రతి గర్భిణికీ అడిగే సమయాన్ని ఎక్కడినుంచి తెస్తారో చెప్పాలి. ఆ సమయం బిడ్డ బరువు చూసే సమయంలోంచి, తల్లి గోడు వినే సమయంలోంచి తగ్గుతుంది.

మేము పెట్టే షరతులు

పై కారణాల వల్ల, మా కార్యకర్తల కోసం యాప్ ఇస్తామని వచ్చేవారిని ఈ క్రింది మాటలు అడగాలని నిర్ణయించుకున్నాము. మీ సంస్థల్లో, మీ ఊళ్లలో ఇటువంటి అవసరం వస్తే మీకు కూడా ఉపయోగపడవచ్చు.

1. ఈ యాప్ వచ్చిన రోజు ఏ రిజిస్టరు ఆగిపోతుంది? దాని పేరు రాతపూర్వకంగా చెప్పాలి.

2. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా, జవాబు ఎవరు చదువుతారు, చదివి ఏమి చేస్తారు అన్నది రాసి ఉండాలి. రాయలేని ప్రశ్నను తీసివేయాలి.

3. ప్రమాదం కనబడినప్పుడు ఫోను ఎత్తే మనిషి ఎవరు? రాత్రి పూట ఎవరు? ఆ ఏర్పాటు చేయవలసినది ముఖ్యంగా ఆసుపత్రే. అందుకు ఒక నర్సును కేటాయించగలిగితేనే యాప్ మొదలుపెట్టాలి.

4. తయారీకి ముందు కనీసం నెల రోజులు, తయారుచేసేవారు కార్యకర్తలతో పాటు ఊళ్లు తిరగాలి. ఎండలో తెర కనబడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

5. పుట్టింటికి వెళ్లిన తల్లి, వలస వెళ్లిన కుటుంబం యాప్‌లోంచి జారిపోకూడదు.

6. సిగ్నల్ లేకుండా పనిచేయాలి. తెలుగులో పలకాలి. పాత ఫోనులో కూడా నడవాలి.

7. ఫోను, రీచార్జి, మరమ్మతు ఖర్చు కార్యకర్త జేబులోంచి పోకూడదు. ఫోను పగిలితే ఆమె మీద జరిమానా వేయకూడదు.

8. ఈ సంస్థ రేపు వెళ్లిపోతే మా రోగుల వివరాలు మా దగ్గరే ఉంటాయా? ఇంకొకరు ఆ యాప్‌ను నడపగలరా?

వీటిలో మూడవది మాకు కూడా కష్టమైనదే. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. కాని ఒక నర్సును ఫోను దగ్గర కూర్చోబెట్టలేని ఆసుపత్రి, యాభై మంది కార్యకర్తల చేతికి ఫోన్లు ఇవ్వడంలో అర్థం లేదు. విరాళం ఇవ్వదలచినవారు చాలాసార్లు "ఫోన్లు కొనిస్తాము, ట్యాబ్లెట్లు కొనిస్తాము" అంటారు. వారికి మా కృతజ్ఞతలు. వారికి మా మనవి ఏమంటే, ఆ ఫోన్లకు జవాబు చెప్పే నర్సు జీతానికి, ఆ నర్సు చెప్పిన బి.పి. మాత్రలకు కూడా సహాయం చేయండి. వాటికి ఫోటో తీసి పెట్టుకునే అందం ఉండకపోవచ్చు. కాని రోగికి చేరేది ఆ మాత్రే.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు పది లక్షల మంది ఆశా కార్యకర్తలను అవార్డుతో గౌరవించింది. ఎండనక, వాననక తిరిగే ఆ స్త్రీలకు అది తగిన గౌరవం. అదే గౌరవాన్ని మనం వారి చేతికిచ్చే ఫోనులో కూడా చూపించాలి. వారు అడిగితే వినాలి. వారు పంపితే చదవాలి. చదివాక జవాబు రాయాలి.

ఈ విషయంలో మీ అనుభవాలు, ముఖ్యంగా ఊళ్లలో పనిచేస్తున్న కార్యకర్తల అనుభవాలు, మాకు రాయండి. పోస్టు కార్డు మీద రాసినా, తెల్ల కాగితం మీద రాసినా, ఫోనులో వాయిస్ మెసేజి పంపినా సరే. మాకు వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాస్తాము.